అంచు, కొంగు, మధ్యలో ఖాళీ

మ్యాచింగ్ సెంటర్లో ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. కౌంటర్ మీద చీర పరిచి ఉంటుంది. కొట్టు అబ్బాయి టూ బై టూ రూబియా జాకెట్ ముక్కలు ఒక్కొక్కటే లాగి చీర మీద వేస్తుంటాడు. ఆరోదో ఏడోదో చూసి చీర తెచ్చుకున్నావిడ "ఇది సరిపోయింది" అంటుంది. అని ఊరుకోదు. చీర కొంగూ జాకెట్ ముక్కా పట్టుకుని కొట్టు గుమ్మం దాకా నడుస్తుంది. వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంది. తిరిగొచ్చి, "కాదు బాబూ, కాస్త నలుపు తిరిగింది. ఇంకో షేడు తియ్యి" అంటుంది.

ఆమె ఏ డిజైన్ కోర్సూ చదివి ఉండదు. కానీ ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రెండు రంగులు ఎండలో విడిపోతాయని ఆమెకు తెలుసు. చీరకు వేసిన అద్దకం వేరు, జాకెట్ ముక్కకు వేసింది వేరు. ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో కలవాలని లేదు. డిజైన్ కళాశాలల్లో దీన్నే ఒక పాఠంగా చెబుతారు.

సొంత బట్టలు సొంతంగా ఊహించుకోవాలనుకునేవాళ్ళ కోసం, చిన్న బొటిక్ పెట్టాలనుకునేవాళ్ళ కోసం, కనీసం టైలరుకు తన మనసులో ఉన్నది సరిగ్గా చెప్పగలిగితే చాలుననుకునేవాళ్ళ కోసం ఈ అధ్యాయం. పుస్తకాల్లో రెండు జాబితాలు ఉంటాయి. గీత, ఆకారం, రంగు, బట్ట గుణం, అచ్చు ఇవి మూలాంశాలు. సమతూకం, పాళ్ళు, ప్రాధాన్యం, లయ, పొందిక ఇవి సూత్రాలు. మొదటివి సరుకులు, రెండోవి వంట. పరీక్షకైతే ఈ పది పేర్లూ బట్టీ పడితే గట్టెక్కుతారు. కుట్టుమిషను ముందు కూర్చున్నాక మాత్రం ఒక్క ప్రశ్నే పనికొస్తుంది. చూసేవాళ్ళ చూపు ఈ బట్టలో మొదట ఎక్కడ పడుతుంది, అక్కణ్ణించి ఎటు పోతుంది?

గద్వాల చీర ఒకటి మంచం మీద పరవండి. చీర ఒళ్ళంతా నూలు. అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ సూదితో కలిపి కుట్టరు. ఒంటి పేకనూ (అడ్డదారాన్నీ) అంచు పేకనూ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి లంకె వేస్తారు. కుప్పడం అంటారు ఆ పనిని. ఇప్పుడు కాస్త దూరం జరిగి చూడండి. ఒళ్ళు సాదాగా ఉంది, మహా అయితే చిన్న బుటాలు. చూపు అక్కడ ఆగడానికి ఏమీ లేదు కాబట్టి అంచు పట్టుకుని నడుస్తుంది. నడిచి నడిచి కొంగు దగ్గరికి చేరి అక్కడ ఆగుతుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీని ఎవరూ మరిచిపోయి వదల్లేదు. దాన్ని కూడా పెద్ద పెద్ద పూలతో నింపితే అంచు వెలవెలబోతుంది, కొంగు కొంగులా కనపడదు. మంగళగిరి చీరలో నిజాం అంచుకు అంత అందం రావడానికీ ఆ సాదా ఒళ్ళే కారణం. నేను డిజైన్ నేర్పేటప్పుడు మొదటి వారం కాగితం, పెన్సిలు ముట్టుకోనివ్వను. ఇంట్లో ఉన్న చీరలు తెచ్చుకుని చూడమంటాను.

పక్కరంగు

షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగానికి పెద్దగా వచ్చాడు. అక్కడ ఒక ఫిర్యాదు ఉండేది. నల్లదారం నలుపుగా ఉండటం లేదు, వెలిసినట్టుంది అని. ఆయన ఆ నలుపును వేరే చోట్ల అద్దిన నల్లదారాలతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ కనపడలేదు. సంగతేమిటంటే, నేతలో ఆ నలుపు పక్కన నీలం, ఊదా దారాలు పడుతున్నాయి. వాటి పక్కన చేరేసరికి నలుపు చచ్చిపోతోంది. ఏ రంగైనా తన పక్కనున్న రంగును మార్చేస్తుందని ఆయన తేల్చి, 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు.

మన నేతగాళ్ళు ఈ పుస్తకం చదవలేదు, చదవాల్సిన అవసరమూ పడలేదు. చిలకపచ్చ చీరకు మెరూన్ అంచు, పసుపుకు కుంకుమ ఎరుపు, ఆనంద బ్లూకు మిరపపండు ఎరుపు. పక్కరంగు ఏది పడితే తన రంగు నిగ్గు తేలుతుందో చూసి చేసిన జతలే ఇవన్నీ. జరీ సంగతి చూడండి. లేత పసుపు పట్టు మీద బంగారు జరీ ఎంత దట్టంగా పోసినా కలిసిపోతుంది. అదే జరీని నేరేడుపండు రంగు మీద సన్నగా ఒక్క గీతగా వేయండి, గది అవతలి నుంచి కనిపిస్తుంది. బీదగా కనిపిస్తోందని జరీ పెంచబోయే ముందు కింద రంగు మార్చి చూడటం ఖర్చు తగ్గే పద్ధతి.

ఎదురు రంగుల్ని కలిపేటప్పుడు పాళ్ళు చూసుకోవాలి. చిలకపచ్చ సగం, మెరూన్ సగం వేస్తే రెండూ కొట్లాడుకుంటాయి. ఒకటి ఇంటి యజమానిగా, ఇంకోటి చుట్టంగా ఉండాలి.

మన భాషలో రంగుల పేర్లు ఎంత పదునుగా ఉంటాయో గమనించారా? ఉల్లిపొర రంగు, గంధం రంగు, మామిడి చిగురు, వంకాయ, కనకాంబరం, రాణీ రంగు. 'లైట్ పింక్' అని చెబితే టైలరు పదిరకాలు తేవచ్చు. ఉల్లిపొర అంటే అందులో ఎరుపు ఎంతో, మసక ఎంతో కూడా వచ్చేసింది. నెమలికంఠం అన్నారంటే అది ఒక రంగు కూడా కాదు. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేస్తే, మడత తిరిగినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ తొంగిచూసే బట్ట అది. రంగుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుని పక్కన చిన్న గుడ్డముక్క అంటించుకోండి. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఇది.

మ్యాచింగ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. అచ్చంగా అదే రంగు దొరక్కపోతే దగ్గరి రంగుతో సర్దుకోకండి. పూర్తిగా వేరే రంగుకు వెళ్ళిపోండి. కొద్ది తేడా పొరపాటులా కనిపిస్తుంది. పెద్ద తేడా అయితే ఇష్టపడి ఎంచుకున్నట్టుంటుంది.

గీతలు

కట్టిన చీరలో మూడు రకాల గీతలూ ఉన్నాయి. కుచ్చిళ్ళు నిలువు, పాదాల దగ్గర అంచు అడ్డం, నడుం నుంచి భుజానికి పోయే పైట ఏటవాలు. నిలువు గీత చూపును పైకీ కిందికీ లాగుతుంది, అడ్డగీత పక్కలకు. ఏటవాలు గీతలో కదలిక ఉంటుంది. నించున్న మనిషి కూడా నడుస్తున్నట్టుంటుంది.

అడ్డగీతలు వేసుకుంటే లావుగా కనపడతారని అందరూ అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దీనికి తిరగబడ్డ సంగతి ఒకటి రాశాడు. ఒకే కొలత ఉన్న రెండు చదరాలు గీసి, ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలదే ఎత్తుగా, సన్నగా కనపడుతుంది. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బట్టలు వేసుకున్న ఆడవాళ్ళ బొమ్మలతో పరీక్షించి, అడ్డగీతలు లావు చూపించవనే తేల్చారు. అందుకని రేపటి నుంచి అందరూ అడ్డచారలే కొనుక్కోమని నేను చెప్పను. చార వెడల్పు, చారకూ చారకూ మధ్య దూరం, ఆ బట్ట ఒంటిని పట్టుకుందా వదులుగా ఉందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. సూత్రం విని బట్ట కొనకండి. అద్దం ముందు భుజం మీద వేసుకుని కొనండి.

గీత అంటే బట్ట మీద అచ్చువేసిన గీతే కాదు, కుట్టు కూడా గీతే. 1965లో ఈవ్ సాఁ లొరాఁ అనే ఫ్రెంచ్ డిజైనరు, మాండ్రియాన్ అనే చిత్రకారుడి బొమ్మల పద్ధతిలో తెల్లటి గౌను మీద నల్లగీతలు, ఎరుపు, నీలం, పసుపు గళ్ళు పెట్టాడు. చూస్తే అచ్చువేసిన బట్టలా ఉంటుంది. నిజానికి ఒక్కో గడినీ విడిగా కత్తిరించి కలిపి కుట్టారు. ఒంటి ఒంపులకు కావలసిన సర్దుబాటంతా ఆ నల్లగీతల పక్క కుట్లలో దాచేశారు. మన వీధి చివరి టైలరు కుట్టే ప్రిన్సెస్ కట్ జాకెట్లో ఉన్న తెలివీ ఇదే. చంక నుంచి నడుం దాకా దిగే ఆ కుట్టు ఒంటిని నిలువుగా చూపిస్తుంది, అందులోనే టక్కుల పని కూడా అయిపోతుంది. అందం కోసం ఒక గీత, అమరిక కోసం ఇంకోటి పెట్టకుండా రెండు పనులూ ఒకదాంతో చేయించడం మంచి డిజైన్‌కు గుర్తు.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. కంటికి దూరం నుంచి ముందుగా తెలిసేది అదే, వివరాలన్నీ తర్వాత. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో చూపించిన మొదటి కలెక్షన్‌కు 'న్యూ లుక్' అని పేరొచ్చింది. సన్నటి నడుము, కింద గొడుగులా విచ్చుకున్న పెద్ద లంగా. యుద్ధకాలపు బట్ట రేషనుకు అలవాటైన జనంలో అంత గుడ్డ ఖర్చు చూసి కొందరు మురిశారు, కొందరు తిట్టారు. మన లంగా ఓణీ ఆకారమూ దాదాపు అదే. ఫొటో తీసి కళ్ళు సగం మూసి చూడండి. బుటాలు, జరీ అన్నీ కరిగిపోయి ఒక నీడ మిగులుతుంది. ఆ నీడ నచ్చితేనే కత్తెర పట్టండి.

పడుగు, పేక, క్రాస్

ఈ ముక్క అర్థమైతే టైలరింగ్ సగం వచ్చినట్టే కాబట్టి నెమ్మదిగా చదవండి. నాలుగు పక్కలా చదరంగా ఉన్న నూలు చేతిరుమాలు ఒకటి తీసుకోండి. ఎదురెదురు అంచులు పట్టుకుని లాగండి. సాగదు. ఇంకో జత అంచులు లాగండి. మహా అయితే కాస్త సాగుతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. రబ్బరులా సాగి, మధ్యలో సన్నబడుతుంది. మొదటి రెండూ పడుగు, పేక. మూడోది టైలర్లు క్రాస్ అనేది.

పడుగుదారాలు మగ్గం మీద బిగించి ఉన్నవి, గట్టివి. అందుకే కుర్తా అయినా పంట్లాం అయినా పొడవు పడుగు వెంట పడేలా కోస్తారు. గుడ్డ మిగుల్చుకుందామని కాస్త వంకర పెట్టి కోశారో, రెండు ఉతుకులకు కాలు మెలితిరిగి పక్క కుట్టు ముందుకొస్తుంది. చవక పంట్లాముల్లో ఇది మీరు చూసే ఉంటారు. ఇక క్రాస్‌లో కోసిన బట్ట ఒంటి వెంట జారి ఒదిగిపోతుంది. 1920ల్లో మదలీన్ వియొనే అనే ఫ్రెంచ్ డిజైనరు మొత్తం గౌన్లే క్రాస్‌లో కోసి పేరు తెచ్చుకుంది. మన క్రాస్ కటింగ్ జాకెట్ ఛాతీ దగ్గర ముడత లేకుండా కూర్చోవడానికీ కారణం అదే.

క్రాస్‌కు ఒక దుర్గుణం ఉంది. బరువుకు అది సాగుతూనే ఉంటుంది. అంబ్రెల్లా లంగా కుట్టారనుకోండి. లెక్క తేలిక. నడుము కొలతను 6.28తో భాగిస్తే గుండ్రం వ్యాసార్ధం వస్తుంది. నడుము 28 అంగుళాలైతే నాలుగున్నరకు దగ్గర. కుట్టులోకి పోయే అరంగుళం తీసేసి నాలుగు దగ్గర కోయాలి. కుట్టగానే కింద మడిచేశారంటే వారానికల్లా అంచు కొన్నిచోట్ల కిందికి దిగి ఎగుడుదిగుడు అవుతుంది, ఎందుకంటే గుండ్రంలో కొంత భాగం పడుగు మీద, కొంత పేక మీద, మిగిలింది క్రాస్ మీద పడుతుంది. నడుంపట్టీ వేశాక ఒక రాత్రంతా హ్యాంగరుకు వేలాడదీయండి. సాగాల్సినంత సాగనిచ్చి, తెల్లారి నేల నుంచి కొలిచి సమంగా కత్తిరించి అప్పుడు మడవండి.

గుడ్డ ఏ దిక్కుకు పెట్టి కోయాలో నాకు వెల్వెట్‌తో వచ్చిన తొలి నష్టం నేర్పింది. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. చేత్తో ఒకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే గరుగ్గా తగులుతుంది. పన్నా సరిపోక, గుడ్డ కలిసొస్తుందని ముందు భాగం నిలువుగా, వెనక భాగం తలకిందులుగా పెట్టి కోశాను. కుట్టి వేయిస్తే ముందు వంకాయ రంగు, వెనక నలుపు. "అక్కా, ముందొక బట్ట, వెనకొక బట్ట వేశారా?" అంది కుట్టించుకున్న పిల్ల. గుడ్డ డబ్బులు నేనే పెట్టుకుని మళ్ళీ కుట్టిచ్చాను. ఒకేవైపుకు నిలబడ్డ పూలు, ఏనుగులు, నెమళ్ళు ఉన్న అచ్చు గుడ్డలకూ ఇదే జాగ్రత్త. గళ్ళ బట్టకైతే పక్కకుట్టు దగ్గర గడికి గడి కలవాలి, దానికి కాస్త గుడ్డ ఎక్కువ తీసుకోవాలి. ఆ సంగతి బట్ట కొనేటప్పుడే చెప్పండి.

బట్ట ఒదుగుతుందా నిలబడుతుందా తెలుసుకోవాలంటే పిడికిలి బిగించి దాని మీద వేసి చూడండి. జార్జెట్ పిడికిలి ఆకారం చూపిస్తూ జారుతుంది. ఆర్గంజా గుడారంలా నిలబడుతుంది. గుడారంలా నిలబడే బట్టతో ఒంటి వెంట జారే గౌను కుట్టమని టైలరును వేధించి లాభం లేదు.

పూలజడ కింద నెమళ్ళు

బొటిక్ తెరిచిన కొత్తలో ఒక పెళ్ళికూతురి జాకెట్ ఒప్పుకున్నాను. "డబ్బుకు చూడకమ్మా, ఘనంగా ఉండాలి" అంది వాళ్ళమ్మ. వీపు మీద ఎదురెదురుగా రెండు నెమళ్ళు, జర్దోసీ, ముత్యాలు, మధ్యలో కుందన్ రాళ్ళు. మగ్గం మీద ఇద్దరు పన్నెండు రోజులు కూర్చుని కుట్టారు. పెళ్ళికి నేనూ వెళ్ళాను. పిల్లకు పూలజడ వేశారు. మల్లెమొగ్గలు, నడుమ కనకాంబరాలు, నడుం దాటి కిందికి. జడ సరిగ్గా నెమళ్ళ మీదుగా దిగింది. ఒక నెమలి తోక కొస మాత్రం బయటికి కనిపిస్తోంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలు పోసేటప్పుడు ఫొటోలన్నిట్లో పడింది ఆ పిల్ల చేతులు. చేతులకు నేను సన్నటి జరీ గీత ఒకటి వేసి ఊరుకున్నాను.

ప్రాధాన్యం అనే సూత్రం నాకు అర్థమైంది ఆ పెళ్ళిపందిట్లోనే. చూపు ఆగాల్సిన చోటు ఒక్కటి ఎంచుకోవాలి, అది వేసుకునే సందర్భంలో నిజంగా కనపడే చోటై ఉండాలి. ఇప్పుడు పెళ్ళి జాకెట్‌కు ఎవరొచ్చినా కొలతల కంటే ముందు "జడ ఏం వేస్తున్నారమ్మా?" అని అడుగుతాను. పూలజడ అయితే పనంతా చేతులకు పెడతాను. వదులు జుట్టో ముడో అయితే వీపు సంగతి ఆలోచిస్తాను. రెండూ కావాలంటే ఒకటి పెద్దగా, రెండోది దానికి నీడలా. వీపు, చేతులు, మెడ, నడుం అన్నీ ఒకే ధాటిగా నింపితే చూపు ఎక్కడా నిలవదు. డబ్బు మాత్రం అన్నిచోట్లా అవుతుంది.

వీపు లోతుగా కోసిన జాకెట్లకు పైన కట్టే డోరీ కూడా వట్టి సింగారం కాదు. లోతు పెరిగేకొద్దీ భుజాలు పక్కలకు జారతాయి. వాటిని లాగి పట్టుకునేది ఆ తాడే. దాని చివర వేలాడే లట్కన్లు లేకపోయినా ఫర్వాలేదు, డోరీ తీసేయకండి. సమతూకం అంటే కంటికి కనిపించేదే కాదు, బరువుది కూడా. పల్చటి నెట్ మీద బరువైన రాళ్ళపని చేయిస్తే ఎక్కడ లాగుతుందో వేసుకున్న గంటకు తెలుస్తుంది. కంటి సమతూకానికి రెండు పక్కలా ఒకటే ఉండక్కర్లేదనడానికి చీర కట్టే సాక్ష్యం. పైటంతా ఎడమ భుజం మీదే కదా ఉండేది!

పాళ్ళకు మాత్రం టేపు తీయాల్సిందే. ఐదడుగుల మనిషికి నడుం నుంచి నేల దాకా 37, 38 అంగుళాలు ఉంటుంది. పన్నెండంగుళాల అంచు చీర కడితే అందులో మూడోవంతు అంచే తినేస్తుంది. నాలుగంగుళాల అంచైతే తొమ్మిదో వంతు. పెద్దంచు కట్టుకోకూడదని కాదు, కట్టుకుంటే చూసేవాళ్ళకు ముందు అంచు కనిపిస్తుందని తెలిసి కట్టుకోవాలి. టాపు పొడవుకూ ఇంతే. భుజం నుంచి నేలకు 52 అంగుళాలనుకుందాం. 26 దగ్గర టాపు ఆపితే మనిషి రెండు సమాన ముక్కలై కురచగా కనిపిస్తుంది. 34, 35 దగ్గర ఆపి చూడండి, పైన రెండు వంతులు, కింద ఒక వంతు, అదే మనిషి పొడుగవుతుంది. 1.618 అనే బంగారు నిష్పత్తి గురించి పుస్తకాలు పేజీలు నింపుతాయి. మన పనికి సగానికి సగం కోయకూడదన్న ఎరుక చాలు.

లయకు పోచంపల్లి బట్ట చూడండి. దారాన్ని నేయకముందే ముళ్ళు కట్టి అద్దుతారు కాబట్టి డిజైను అంచులు గీత గీసినట్టుండవు, కొద్దిగా చెమ్మగిల్లినట్టుంటాయి. ఆ గళ్ళు ఒకటి తర్వాత ఒకటి వస్తుంటే చూపు తాళం తప్పకుండా వెళ్ళిపోతుంది. కొంగు దగ్గర గడి పెద్దదైందనుకోండి, అక్కడ చూపు ఆగుతుంది. పొందిక గురించి విడిగా చెప్పడానికి ఏమీ లేదు. పైన చెప్పినవి కుదిరితే అది దానంతటదే వస్తుంది, కుదరకపోతే ఎంత లేసు కుట్టినా రాదు.

ఇంటిపని

బీరువాలోంచి మీకు బాగా నచ్చిన బట్ట ఒకటి, కొని ఒక్కసారి మాత్రమే వేసుకుని పక్కన పడేసిన బట్ట ఒకటి తీయండి. రెండూ తలుపుకు పక్కపక్కన తగిలించి, పదడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. చూపు మొదట ఎక్కడ పడింది, తర్వాత ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అని రెంటికీ రాసుకోండి. రెండోదాన్ని ఎందుకు పక్కన పడేశారో చాలావరకు ఆ కాగితం మీదే తేలుతుంది. అంచు విప్పడమో, చేతులు మార్చడమో, పొడవు తగ్గించడమో చేస్తే బాగుపడుతుందనిపిస్తే ఆ సంగతీ కిందే రాసుకోండి.

వచ్చే అధ్యాయంలో కొలతలు తీసుకుని సాదా కుర్తా కోద్దాం. అప్పటికి రెండున్నర మీటర్ల మంగళగిరి నూలు గుడ్డ కొనిపెట్టుకోండి, రంగు మీ ఇష్టం. కొట్లో కాదు, గుమ్మంలో చూసి కొనండి. ఇంటికొచ్చాక లైనింగ్ గుడ్డతో సహా ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయండి. నూలు మొదటి తడికి మీటరుకు ఒక అంగుళం పైనే ముడుచుకుపోవచ్చు. అది కుట్టకముందే ముడుచుకోవాలి.